జోలాపుట్ గట్టు మీద మా ఊరు

డ్యాం మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే రాష్ట్రం మారిపోయేది. ఇవతల ఒరిస్సా, కోరాపుట్ జిల్లా. అవతల ఆంధ్ర, ముంచంగిపుట్టు వైపు కొండలు. మధ్యలో జోలాపుట్ నీళ్ళు. సాయంత్రం అయితే చాలు, క్యాంపు పిల్లలం "ఆంధ్రాకెళ్ళొద్దాం రండి" అనుకుంటూ పరుగెత్తేవాళ్ళం. అవతలి గట్టు రాయి ముట్టుకుని, అమ్మ అన్నం వార్చేలోపు మళ్ళీ ఒరిస్సాకు వచ్చేసేవాళ్ళం. ఆ నీళ్ళకి రెండు పేర్లుంటాయని, ఆ గట్టుకి రెండు ప్రభుత్వాలుంటాయని మాకు తెలుసు గానీ, అదొక విచిత్రమని మాత్రం తెలీదు. ఎక్కడైనా ఇలాగే ఉంటుందనుకునేవాళ్ళం.

మా నాన్నది బొబ్బిలి దగ్గర పల్లె. అరవైల్లో కరెంటు ఉద్యోగంలో చేరి ఈ కొండలెక్కారు. అమ్మది పార్వతీపురం వైపు. పెళ్ళయిన నెలకి ట్రంకుపెట్టె, ఇత్తడి బిందె, ఒక తులసి మొక్కతో బస్సు దిగిందట. ఆ మొక్క చలికి చచ్చిపోతే రెండు రోజులు ఏడ్చానని చెప్పేది. తర్వాత సంత నుంచి ఇంకో మొక్క తెచ్చి, కోట కట్టి, చలికాలం రాత్రుళ్ళు దాని మీద గోనెసంచి కప్పి బతికించుకుంది. నాకు ఊహ తెలిసేసరికి ఆ తులసి నా అంత ఎత్తుంది.

నాన్న పని డ్యాం దగ్గర. రోజూ పొద్దున్నే నీటి మట్టం చూసి పుస్తకంలో రాయాలి, కింద పవర్‌హౌస్‌కి ఫోన్‌లో చెప్పాలి. నిండు మట్టం 2750 అడుగులు. నేను అంకెలు నేర్చుకున్నది బళ్ళో కాదు, ఆ గేజీ మీదే. శ్రావణంలో "ఇవాళ ఎంత నాన్నా" అని అడిగితే చెప్పేవారు, మర్నాడు అడుగో అడుగున్నరో పెరిగేది. మా ఇంట్లో నీళ్ళు పెరగడం పండగలాంటిది. 2750కి దగ్గరపడితే నాన్న మీసం కింద నవ్వు కనబడేది. గేట్లు ఎత్తే రోజు అన్నం క్యారేజీ తీసుకుని అమ్మా నేనూ డ్యాం మీదకే వెళ్ళేవాళ్ళం. ఆ హోరులో మాట వినబడేది కాదు. నాన్న చేత్తో సైగ చేస్తే తిన్నారో లేదో మాకు తెలిసేది.

ఆ నది గురించి కొంచెం చెప్పాలి. మాడుగుల కొండల్లో పుడుతుంది. పెదబయలు, ముంచంగిపుట్టు వాళ్ళు మత్స్యగెడ్డ అంటారు. హుకుంపేట దగ్గర మత్స్యగుండంలో చేపల్ని ఎవరూ పట్టరు, శివరాత్రికి జనం వెళ్ళి వాటికి మేత వేస్తారు. మా దగ్గరికొచ్చేసరికి అది మాచ్‌ఖండ్. పెద్దవాళ్ళు ముచుకుంద నది అనేవారు. గుహలో నిద్రపోతూ ఒక్క చూపుతో కాలయవనుణ్ణి బూడిద చేసిన ముచుకుందుడి పేరు. దిగువకి వెళ్ళాక సీలేరు. మోటు దగ్గర శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. పేరు మార్చుకుంటూ పోయే ఏరు. రాజమండ్రి పుష్కరాలకి వెళ్ళినప్పుడు అమ్మ గోదావరిలో చేతులు పెట్టి "ఇందులో మన నీళ్ళున్నాయే" అంది. పక్కనున్న వాళ్ళు ఆమె వంక అదోలా చూశారు. నాకు మాత్రం ఆ మాట నిజంగానే తోచింది. నాన్న లెక్కపెట్టి వదిలిన నీళ్ళే కదా.

డ్యాం కట్టాలన్న ఒప్పందం నలభైల్లో మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాల మధ్య జరిగింది. ఏటి నీళ్ళు ఇద్దరివీ, కాబట్టి కరెంటూ ఇద్దరిదీ. మొదట్లో మనకి డెబ్బై పాళ్ళు, వాళ్ళకి ముప్పై. ఇప్పుడు సగం సగం. 1955లో మొదటి యూనిట్ తిరిగింది. మొత్తం ఆరు యూనిట్లు, 120 మెగావాట్లు. ఇప్పటి లెక్కల్లో చిన్న అంకెలా కనబడుతుంది గానీ, ఆ రోజుల్లో రోడ్డే సరిగ్గా లేని ఆ కొండల్లోకి అంతంత యంత్రాలు ఎలా చేర్చారో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ పనికి వచ్చిన కూలీల్లో మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళు ఎందరో. కొందరు పని అయ్యాక కొండ దిగారు. కొందరు దిగలేదు. చలిజ్వరం చాలామందిని దిగనివ్వలేదని నాన్న అనేవారు. అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు.

అసలు ఆ కోరాపుట్ ప్రాంతమంతా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లాలోదే. జయపురం సంస్థానం. ఆ మహారాజు విక్రమదేవ వర్మ ఒడియాలోనూ తెలుగులోనూ పండితుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చినవాడు. అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే. మా నానమ్మ మమ్మల్ని చూడ్డానికి వచ్చినప్పుడల్లా "ఒరిస్సా ఏటర్రా, ఇదంతా మన జిల్లాయే" అని క్యాంపంతా చెప్పుకు తిరిగేది. పక్కింటి ఒడియా మావుసీ, అంటే పిన్ని, నవ్వుతూ ఆమెకి తమలపాకు చుట్టిచ్చేది. వాళ్ళిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యాహ్నాలు గంటల తరబడి కబుర్లు చెప్పుకునేవారు.

మా క్యాంపు గురించి ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు. వరసగా రేకుల కప్పులున్న క్వార్టర్లు, ముందు గుమ్మడి పాదులు, వెనక కోళ్ళ గూళ్ళు. ఈ వీధిలో ఫిట్టరు మావయ్య, ఆ వీధిలో లైన్‌మన్ బాబాయి. బంధువులు ఎవరూ లేరు గానీ వరసలు లేనివాళ్ళూ ఎవరూ లేరు. ఒడియా ఇళ్ళలో మావుసా, మావుసీ, దాదా. మన ఇళ్ళలో మావయ్య, పిన్ని, పెద్దప్ప. ఎవరింట్లో ఏ కూర వండినా గిన్నె గోడ దాటేది. పక్కింటి మావుసీ వండిన దాల్మా, కూరగాయల పప్పు, మా ఇంటికి వస్తే, మా పులుసు అటు వెళ్ళేది. ఖాళీ గిన్నె వెనక్కి ఇవ్వడం తప్పని రెండు ఇళ్ళలోనూ నమ్మకం. ఇక ఆ గిన్నెల రాకపోకలకి అంతెక్కడ?

సెప్టెంబరు 17న ఒడియా వాళ్ళు విశ్వకర్మ పూజ చేసేవారు. యంత్రాలకి బొట్లు, పూలదండలు. దసరాకి మనవాళ్ళు మళ్ళీ అవే యంత్రాలకి ఆయుధపూజ చేసేవారు. నెల తిరక్కుండా ఒకే మోటారుకి రెండు పూజలు, రెండు ప్రసాదాలు. వినాయకుణ్ణి డ్యాం నీళ్ళలోనే నిమజ్జనం చేసేవాళ్ళం. ఆషాఢంలో చిన్న చెక్క రథం మీద జగన్నాథుణ్ణి ఊరేగిస్తే, మా అన్నయ్య అందరికంటే ముందు తాడు పట్టుకునేవాడు. సంక్రాంతికి ముగ్గులు వేసేవాళ్ళం కానీ గంగిరెద్దులు, హరిదాసులు ఆ కొండెక్కి ఎక్కడొస్తారు? అమ్మకి అదొక్కటే వెలితి. భోగి మంటకి మాత్రం లోటుండేది కాదు. ఆ చలిలో ధనుర్మాసం ముప్పై రోజులూ భోగే.

చలి అంటే మామూలు చలి కాదు. పొద్దున్న లేచి తలుపు తీస్తే ఎదురుగా చెరువు ఉండేది కాదు, కొండలు ఉండేవి కావు. తెల్లటి మంచు గుమ్మం దాకా వచ్చి నిలబడేది. ఎనిమిదో తొమ్మిదో అయ్యేసరికి ఆ మంచు నీళ్ళ మీద నుంచి పొరలు పొరలుగా లేచేది. ముందు అవతలి కొండ శిఖరం, తర్వాత దాని నడుము, తర్వాత నీళ్ళ మీద ఒక దోనె, అందులో నిలబడి తెడ్డు వేస్తున్న మనిషి. రోజూ అదే వరస. ఒకదాని తర్వాత ఒకటి ఎవరో తెచ్చి పెడుతున్నట్టు ఉండేది. కార్తీకం నాటికి గట్ల మీద వలిసె పూలు పూసేవి. ఆ పసుపు రంగు చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళకి ఎంత చెప్పినా తక్కువే.

వానాకాలం ఇంకో లోకం. ఆషాఢంలో పట్టిన ముసురు ఎప్పుడు వదిలేదో చెప్పలేం. బట్టలు కుంపటి మీద ఆరేసుకునేవాళ్ళం, అందుకే బళ్ళో అందరి దగ్గరా పొగ వాసనే. ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడితే బస్సు బంద్. బస్సు రాకపోతే ఉత్తరాలు లేవు, బెల్లం లేదు, కొబ్బరికాయ లేదు. అలాంటప్పుడు అవతలి ఊళ్ళ నుంచి వచ్చే చోళ్ళు, కందమూలాలే దిక్కు. చోడంబలి అని మనం అనేదాన్ని వాళ్ళు మాండియా పెజ్ అంటారు. అది తాగి పెరిగిన ఒంటికి ఇప్పటి కాఫీ టీలు ఆనవు.

మావుసీ అని ఇంకొక ఆమెను కూడా పిలిచేవాళ్ళం. గదబ మావుసీ, ఆ కొండల్లోని గదబ అనే ఆదివాసీ తెగ ఆమె. ఏ ఊరామెదో మాకు తెలీదు. వారానికి రెండుసార్లు పుల్లల మోపు, అడ్డాకుల కట్ట తెచ్చేది. అప్పటికే ముసలామె. చారల చారల కెరంగ్ బట్ట, చెట్టు నార తీసి వాళ్ళే నేసుకునేది, నడుముకి చుట్టుకునేది. మెడలో బరువైన కడియాలు. అమ్మ ఆమెతో బేరమాడేది కాదు. మోపు దించి, గుమ్మం పక్కన కూర్చుని, అంబలి తాగి, ఒక చుట్ట కాల్చుకుని వెళ్ళేది. తెలుగు కొంచెం కొంచెం వచ్చు. నన్ను "నోనీ" అని పిలిచేది.

నాకు తొమ్మిదో ఏటో పదో ఏటో, ఒక వేసవిలో నీళ్ళు బాగా తగ్గిపోయాయి. నాన్న పుస్తకంలో అంకెలు రోజూ దిగిపోతున్నాయి. ఇంట్లో ఎవరికీ నవ్వు లేదు. చెరువు అంచు మా క్యాంపు నుంచి చాలా దూరం జరిగిపోయి, మధ్యలో ఎండి పగుళ్ళు వేసిన ఒండ్రు నేల బయటపడింది. ఆ పగుళ్ళలో ఆడుకోవడం మాకు సరదాగా ఉండేది. ఒకరోజు మావుసీ పుల్లలు దించి, అంబలి తాగకుండా, అమ్మతో "రా, అమ్మా, సూపిస్తాను" అంది. ఏం చూపిస్తుందో చెప్పలేదు. అమ్మ నన్ను కూడా తీసుకెళ్ళింది. మండుటెండలో చాలాసేపు నడిచాం. ఒకచోట మట్టిలో గుండ్రంగా పేర్చిన బండరాళ్ళు. నాలుగైదు నిలువుగా పాతిన రాళ్ళు, వాటి ముందు పలకల్లాంటి రాళ్ళు. పక్కనే చింతచెట్టు మొద్దు, నీళ్ళలో నాని నల్లగా అయిపోయినది.

గదబ ఊళ్ళలో పెద్దలు కూర్చునే రాళ్ళ తిన్నె ఒకటి ఉంటుంది. సదర్ అంటారు. పంచాయితీలు అక్కడే, పండగ నాడు కూర్చోవడం అక్కడే, పోయినవాళ్ళ పేరు మీద నిలిపే రాళ్ళూ అక్కడే. ఇది నేను పెద్దయ్యాక తెలుసుకున్నాను. ఆరోజు మాకేమీ తెలీదు. మావుసీ ఒక పలక రాయి మీద మట్టిని అరచేత్తో తుడిచింది. "మా మావ ఈడ కూకునేవోడు" అంది. ఇంకో రాయి తుడిచి ఇంకో పేరు చెప్పింది. అలా అన్నీ తుడిచింది. ఆ రాళ్ళ మీద మాత్రం తను కూర్చోలేదు. పక్కన నేల మీద కూర్చుంది. చెంగులో కట్టుకొచ్చిన గుప్పెడు బియ్యం వాటి ముందు పోసింది. ఏడవలేదు. చాలాసేపు చింత మొద్దు వైపు చూస్తూ కూర్చుని, "ఇగ ఎల్దాం, పాపకి ఎండ" అని లేచింది.

దారి పొడుగునా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు.

మాచ్‌ఖండ్ ప్రాజెక్టు కోసం దాదాపు మూడు వేల కుటుంబాలు ఊళ్ళు వదిలాయి. అందులో సగానికి పైగా ఆదివాసులు. చాలామందికి బదులుగా భూమి దొరకలేదు. ఈ సంగతులు నేను ఎప్పుడో కాలేజీ రోజుల్లో చదివినప్పుడు నాకు అంకెలు కనబడలేదు, ఆ అరచెయ్యి కనబడింది. దిగువన అదే ఏటి మీద బలిమెల కట్టాక నూట యాభై ఊళ్ళ దాకా నీళ్ళ అవతల చిక్కుకుపోయాయి. వాళ్ళకి వంతెన వచ్చింది 2018లో. అప్పటిదాకా పురిటి నొప్పులొచ్చినా పడవే, పాము కరిచినా పడవే. మా క్వార్టర్లలో రాత్రంతా వీధి దీపాలు వెలిగేవి. చెరువు అవతలి ఊళ్ళలో కిరసనాయిలు బుడ్లు. విశాఖ దాకా పోయే తీగలు ఆ ఊళ్ళ నెత్తి మీద నుంచే వెళ్ళేవి. నాన్న దీని గురించి ఒకేసారి మాట్లాడారు. "మనం నీళ్ళు లెక్కేస్తాం. వాళ్ళ లెక్క ఎవరు రాశారు?" అన్నారు. నాన్న మితభాషి. అంత పెద్ద మాట ఆయన నోట మళ్ళీ వినలేదు.

ఆ ఏడాది కార్తీక పౌర్ణమికి అరటిదొన్నెల్లో దీపాలు వదిలేటప్పుడు అమ్మ ఒక దీపం ఎక్కువ తెచ్చింది. ఇంట్లో మేం నలుగురం. ఐదోది ఎవరికని అన్నయ్య అడిగితే "నువ్వు ఊరుకో" అంది. అప్పట్నుంచి ఏటా అంతే.

నేను ఆరో తరగతికి వచ్చాక నాన్నకి పవర్‌హౌస్‌కి బదిలీ అయింది. ఒనకఢిల్లీకి మారాం. అది పెద్ద క్యాంపు. ఆస్పత్రి, క్లబ్బు, బజారు. జోలాపుట్ నుంచి వదిలిన నీళ్ళు ఏట్లో దిగి డుడుమ దగ్గర ఇంకో చిన్న డ్యాంలో ఆగుతాయి, అక్కడి నుంచి కాలువలో నడిచి, పెద్ద గొట్టాల్లో లోయలోకి దూకి టర్బైన్లు తిప్పుతాయి. ఆ లోయలోకి దిగడానికి వించ్ ఉండేది. నిటారు కొండవాలు మీద పట్టాలు, వాటి మీద ఇనప తాడుకి కట్టిన బండి. షిఫ్టు వాళ్ళంతా అందులో కూర్చుని కిందికి దిగేవారు. ఒకసారి నాన్న నన్ను ఎక్కించారు. కళ్ళు మూసుకుని ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. దిగుతున్నకొద్దీ చెవులు దిబ్బళ్ళు వేశాయి, చలి పోయి ఉక్క మొదలైంది. కళ్ళు తెరిచేసరికి రెండు వైపులా అడవి పైకి లేచిపోతోంది. కింద పవర్‌హౌస్‌లో నేల అరికాళ్ళ కింద సన్నగా వణుకుతూనే ఉండేది. "ఇవి ఎవరి నీళ్ళు నాన్నా" అంటే "మొన్న మన గుమ్మం ముందు నుంచి వెళ్ళినవే" అన్నారు.

డుడుమ జలపాతం దాదాపు 175 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. దానికి మత్స్యతీర్థం అని కూడా పేరుంది. నీళ్ళని కాలువలోకి మళ్ళించాక మిగతా నెలల్లో అది సన్నటి దారంలా ఉండేది. వానలు ముదిరి మిగులు నీళ్ళు వచ్చినప్పుడు మాత్రం దాని హోరు రాత్రుళ్ళు క్యాంపులోకి వినబడేది. ఆ చప్పుడు వింటూ నిద్రపోయిన చెవులకి నగరంలో నిద్ర పట్టడం కష్టం.

ఒనకఢిల్లీలో గురువారం సంత. దాని కోసం బుధవారం రాత్రే మాకు హుషారు. కొండ దారుల్లో తెల్లవారుజామునే మనుషుల వరస మొదలయ్యేది. బోండా వాళ్ళు, గదబలు, పరజలు, డిడాయిలు. తల మీద బుట్టలు, భుజాన కావిళ్ళు, సొరకాయ బుర్రల్లో జీలుగు కల్లు. అల్లం, పసుపు, చింతపండు, కొండ చీపుర్లు, పనసకాయలు. కింద నుంచి మన వర్తకులు ఉప్పు, ఎండుచేపలు, బట్టలు, పూసలు తెచ్చేవారు. మధ్యాహ్నానికి ఆ మైదానంలో ఆరేడు భాషలు ఒకదాని మీద ఒకటి పడేవి. అమ్మ ఒక నియమం పెట్టుకుంది. ఆదివాసీల దగ్గర కొనేటప్పుడు వాళ్ళ మానికతోనే కొలిపించేది, కింద నుంచి వచ్చిన కాటాతో తూయనిచ్చేది కాదు. వాళ్ళ మానిక నిండుగా పోస్తారు, ఈ కాటా ఎప్పుడూ వాళ్ళ వైపు తేలిపోతుంది అనేది.

బోండా ఆడవాళ్ళు ఒంటి నిండా పూసలదండలు, మెడ నిండా కడియాలతో వచ్చేవారు. వాళ్ళని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో కెమెరాలు వేసుకుని మనుషులు దిగేవారు. కూరగాయల బుట్ట ముందు కూర్చున్న మనిషి మొహం మీద కెమెరా పెట్టి నవ్వమనేవారు. ఒకసారి ఒకామె చేత్తో మొహం కప్పుకుంటే ఆ చేతిలో నోటు పెట్టబోయాడు ఒకాయన. ఆమె నోటు తీసుకోలేదు, బుట్ట ఎత్తుకుని మా వీధి అరుగు మీదకి వచ్చి కూర్చుంది. అమ్మ ఆమెకి మంచినీళ్ళిచ్చి, బుట్టలో ఉన్న చిక్కుడుకాయలన్నీ కొనేసింది. వారం రోజులు మాకు చిక్కుడుకాయ కూరే. సంత అంటే వాళ్ళకి సంత. ఉప్పు కొనుక్కోవాలి, కూతురి అత్తగారి ఊరి కబురు తెలుసుకోవాలి, పొద్దుగూకేలోపు కొండెక్కాలి. అది వాళ్ళ వారం. ఎవరి చూపు కోసమో పెట్టిన బొమ్మల కొలువు కాదు. ఈ మాట ఇప్పటికీ నేను గట్టిగానే అంటాను.

తర్వాత సంవత్సరాలు త్వరగా నడిచిపోయాయి. చదువు కోసం విజయనగరం, ఉద్యోగం కోసం విశాఖ, పెళ్ళి. నాన్న రిటైరయ్యారు. క్వార్టరు తాళం అప్పగించే రోజు అమ్మ తులసికోట ముందు చాలాసేపు నిలబడిందట. మొక్కని పక్కింటి ఒడియా మావుసీకి అప్పజెప్పి వచ్చారు. బొబ్బిలి దగ్గర సొంత ఊళ్ళో ఇల్లు కట్టుకున్నారు. కానీ అక్కడి వాళ్ళు మమ్మల్ని ఇప్పటికీ "మాచ్‌ఖండ్ వాళ్ళు" అంటారు. నా పెళ్ళి శుభలేఖలో స్వగ్రామం దగ్గర ఏం రాయాలో తెలీక నాన్న కలం పట్టుకుని ఆగిపోవడం నాకు గుర్తుంది. చివరికి బొబ్బిలి పల్లె పేరే రాశారు. రాసింది చూసి అమ్మ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. మాకు ఆ కొండ మీద సెంటు భూమి లేదు. ఉన్న ఇల్లు బోర్డుది. బదిలీ ఆర్డరుతో వచ్చినవాళ్ళం, రిటైర్మెంటు ఆర్డరుతో దిగినవాళ్ళం. మా ఊరు అని పైకి చెప్పుకోవడానికి ఏ కాగితమూ లేదు. అయినా కలలో ఇల్లు కనబడితే ఆ రేకుల ఇల్లే కనబడుతుంది.

నాన్న పోయి ఆరేళ్ళయింది. మొన్న కార్తీకంలో విశాఖ నుంచి కారు మాట్లాడుకుని పాడేరు మీదుగా బయల్దేరాను. అవతలి వైపు ఇప్పుడు విశాఖ జిల్లా కాదు, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. ముంచంగిపుట్టు దాటాక రోడ్డు బాగానే ఉంది. ఊళ్ళకి కరెంటు స్తంభాలున్నాయి. వలిసె పూలు అప్పుడే రంగు తిరుగుతున్నాయి, అక్కడక్కడ వాటి ముందు నిలబడి ఫొటోలు దిగుతున్న కుర్రాళ్ళు.

మా క్వార్టర్ల వరసలో సగం ఇళ్ళకి కప్పులు లేవు. మా ఇంటి గోడ ఉంది, గుమ్మం లేదు. తులసికోట పునాది రాళ్ళు నాలుగు కనబడ్డాయి, వాటి మధ్య కంపలు. పక్కింటి మావుసీ వాళ్ళు ఎప్పుడో కటక్ వెళ్ళిపోయారట. కాపలా కుర్రాడు ఒడియాలో ఎవరు కావాలని అడిగాడు. ఇక్కడ పనిచేసిన ఫలానా వారి అమ్మాయినని వచ్చీరాని ఒడియాలో చెప్పాను. వాడికి నాన్న పేరు తెలీదు. తెలియడానికి వాడి వయసెంత? అయినా "రండి మావుసీ" అని నీళ్ళ దాకా తీసుకెళ్ళాడు. ఆ పిలుపు నా దాకా వచ్చేసిందని అప్పుడు అర్థమైంది.

నీళ్ళు నిండుగా ఉన్నాయి. గట్టు మీద నుంచి అటు చూస్తే ఫోన్‌లో ఆంధ్ర సిగ్నల్, ఇటు తిరిగితే ఒడిశా సిగ్నల్. అమ్మకి వీడియో కాల్ చేశాను. ఎనభై దాటింది, చూపు అంతంత మాత్రం. ఫోన్ నీళ్ళ వైపు తిప్పి చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. నెట్‌వర్క్ పోయిందేమో అనుకున్నాను.

"లెవెల్ ఎంతుందే?" అంది.

"2750కి దగ్గర్లో ఉందటమ్మా."

"అయితే రాళ్ళు కనబడవు."

"కనబడవమ్మా."

"దీపం తెచ్చావా?"

తెచ్చాను. సంచిలో నుంచి దొన్నెలు తీశాను. ఇంట్లో ఇప్పుడు అమ్మ, అన్నయ్య, నేను. నాన్న పేరున ఒకటి. ఐదోది విడిగా పెట్టుకున్నాను. గాలి తిరిగి వీస్తుంటే కుర్రాడు రెండు చేతులూ అడ్డం పెట్టాడు, అన్నీ వెలిగాయి. అవి చాలా దూరం పోలేదు, ఒడ్డుకి దగ్గర్లోనే తేలుతూ నిలబడ్డాయి.

"చీకటి పడకముందే బయల్దేరు, ఘాట్ రోడ్డు" అని అమ్మ ఫోన్ పెట్టేసింది.